ఎవరిదో ఎడమ చెయ్యి

నేను మొదట మత్తు డాక్టర్ని. పదకొండేళ్లు ఆపరేషన్ థియేటర్లో మనుషుల తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. సర్జన్లు కోసే చోటు చూస్తారు, మేము ముఖం చూస్తాం. ఎవరి కనురెప్ప ఎప్పుడు వణికిందో, ఎవరి నుదుట ఎప్పుడు చెమట పట్టిందో మాకే తెలుస్తుంది. ఆ ఉద్యోగంలో నాకు లోటేమీ లేదు. అది వదిలేసి నొప్పుల డాక్టరుగా మారడానికి ఒక మధ్యాహ్నం కారణం.

షుగరు వల్ల పాదం కుళ్లిన ఒక పెద్దాయనకు మోకాలి కింద నుంచి కాలు తీసేస్తున్నారు. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింది భాగం మాత్రం మొద్దుబారేలా చేశాను. ఆయన తెలివితోనే ఉన్నాడు. ఛాతీ దగ్గర అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టాం కాబట్టి అవతల జరిగేది ఆయనకు కనపడదు. పని చాలావరకు అయిపోయింది. తీసేసిన కాలును గుడ్డలో చుట్టి బయటికి పంపేశారు కూడా. అప్పుడు ఆయన తల నా వైపు తిప్పి నెమ్మదిగా అన్నాడు.

“మేడం, నా కాలు జర కిందికి దించమని చెప్పున్రి. ఎంతసేపు గట్ల మీదికి పట్టుకుంటరు? గుంజుతున్నది.”

గుడ్డ మీదుగా అవతలికి చూశాను. ఎవరూ ఏదీ పట్టుకుని లేరు. మత్తు ఎక్కే సమయానికి, మందు పూసి శుభ్రం చేయడానికి ఆ కాలును పైకి ఎత్తి పట్టుకున్నారు. ఆయన మెదడుకు కాలు నుంచి అందిన ఆఖరి కబురు అదే. ఆయన లెక్కలో కాలు ఇంకా గాల్లోనే ఉంది. దించేశారని చెప్పాను. “లే, దించలే” అన్నాడు. గొంతులో కోపం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడు. నాకు ఆ క్షణంలో ఏం తోచిందో, లేచి నిలబడి, గుడ్డకు పైన ఆయనకు కనపడేలా రెండు చేతులూ చాచి, లేని కాలును మడమ దగ్గర పట్టుకున్నట్టు పట్టుకుని మెల్లగా బల్ల మీదికి దించాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, ఇప్పుడు మంచిగున్నది అని కళ్లు మూసుకున్నాడు.

సర్జన్ నన్ను వింతగా చూశాడు. నేను నా అరచేతులు చూసుకున్నాను. నిజంగానే ఏదో బరువు దించినట్టు మోచేతుల దాకా లాగుతున్నాయి. ఆ బరువు చాలా రోజులు నన్ను వదల్లేదు.

తర్వాత రెండేళ్లు నొప్పి వైద్యం చదువుకుని నాచారంలో క్లినిక్ పెట్టాను. మెయిన్ రోడ్డు మీద మందుల షాపు పైన, మొదటి అంతస్తులో రెండు గదులు. పొద్దున ఉప్పల్లో ఒక చిన్న నర్సింగ్ హోంలో ఇంజెక్షన్ల పని చూసుకుని, మధ్యాహ్నానికి నాచారం వచ్చి, సాయంత్రం రామంతాపూర్లో ఇంటికి పోవడం నా దినచర్య. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీల మనుషులు. జనగాం నుంచో, నల్లగొండ నుంచో, ఇంకా లోపలి ఊళ్ల నుంచో వచ్చి ఇరవై ముప్ఫై ఏళ్లుగా మిషన్ల ముందు నిలబడ్డవాళ్లు. ఎక్స్‌రేలు, స్కానింగులు నింపిన ప్లాస్టిక్ కవర్ ఒకటి చంకలో ఉంటుంది. ఆ కవర్ నా బల్ల మీద పెట్టి అందరూ దాదాపు ఒకే మాట అంటారు, ఏం లేదన్నరు మేడం అని. ఆ మాట నేను ఎవరితోనూ అనకూడదని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. నొప్పి ఫిల్ములో కనపడకపోవచ్చు, కానీ అది ఉంది. ఇంతవరకు నాకు తెలిసిన వైద్యమంతా ఆ ఒప్పుకోలుతోనే మొదలవుతుంది.

ఆమె వచ్చింది ఎండాకాలంలో. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మాత్రల స్ట్రిప్పులు సీలు చేసే మిషన్ మీద పనిచేసేది. భర్త అదే వైపు ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ నడుపుతాడు. ఇద్దరూ చెంగిచెర్లలో అద్దెకుంటారు. అయిదు నెలల క్రితం కంపెనీ మెట్ల మీద జారి ఎడమ మణికట్టులో సన్నని చీలిక వచ్చింది. ఆరు వారాలు పట్టీ కట్టారు. పట్టీ విప్పాక ఎముక అతుక్కుంది, నొప్పి మాత్రం పెరగడం మొదలుపెట్టింది.

బయట రోడ్డు మీద తారు మెత్తబడుతున్న ఎండ. ఆమె ఎడమ చేతిని తడి తువ్వాలులో చుట్టి, కుడి అరచేతిలో పెట్టుకుని, పక్కింటివాళ్లు కాసేపు ఎత్తుకోమని ఇచ్చిన పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చింది. కూర్చున్నాక దాన్ని తన ఒళ్లో పెట్టుకోలేదు, పక్క కుర్చీలో పెట్టింది. తువ్వాలు విప్పమని అడిగితే భర్త వైపు చూసింది. అతనే ఒక్కొక్క మడత విప్పాడు.

చెయ్యి ఊదారంగులో ఉంది. చర్మం నూనె రాసినట్టు మెరుస్తోంది. మరో చేతి మీద లేని వెంట్రుకలు మణికట్టు దాకా నల్లగా మొలిచి ఉన్నాయి. గోళ్లు పొడుగ్గా వంకరగా పెరిగాయి. కత్తిరించడానికి ఎవరినీ ముట్టనివ్వలేదట. నా వేలు దగ్గరగా పెట్టి చూశాను. తాకక ముందే ఆ చేతి చల్లదనం తగిలింది. గదిలో ఫ్యాను వేడిగాలి కొడుతోంది, ఆ అరచేతిలో మాత్రం చెమట చుక్కలు చల్లగా నిలబడి ఉన్నాయి.

ఎట్లా ఉందని అడిగితే ఆమె ఆ చేతి వైపు చూడకుండానే చెప్పింది.

“గిది నాది గాదు మేడం.”

భర్త తల వంచుకున్నాడు. ఈ మాట అతను ఇంట్లో చాలాసార్లు విన్నట్టుంది.

దానికి కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్ అని పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. దెబ్బ చిన్నది, మానిపోయింది కూడా, కానీ నరాలు ప్రమాదం ఇంకా జరుగుతూనే ఉందని కేకలు వేస్తుంటాయి. తలలో మన ఒంటికి ఒక పటం ఉంటుంది. ఆ కేకలకు పటంలో చేతి బొమ్మ చెదిరిపోతుంది. అట్లాంటివాళ్లు చెయ్యి నాది కాదనడం నేను పుస్తకాల్లో చదివాను. ఎదురుగా కూర్చుని ఒకరు అనడం అదే మొదలు.

కళ్లు మూసుకోమని దూదితో ఆమె ఎడమ చిటికెన వేలు తాకాను. బొటనవేలంది. ఉంగరపు వేలు తాకితే, వేలు కాదు, మోచెయ్యి అంది. చూపుడు వేలు తాకితే ఏమీ అనలేదు. కళ్లు తెరవమన్నాను. దూదిని పక్కన పెడుతూ, అలవాటుగా నా ఎడమ చేతి వెనక భాగానికి అది తగిలించాను. ఆమె పళ్లు కొరికి, కుర్చీలో ఒరిగిపోయింది. నేను తాకింది నా చేతిని. మంట పుట్టింది ఆమెకు. పొరపాటు పడ్డానేమోనని మళ్లీ ఒకసారి, ఈసారి కావాలనే, నా మణికట్టు మీద దూది రాశాను. ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇది కూడా పుస్తకాల్లో ఉంది. అయినా ఆ తర్వాత ఆమె ఎదురుగా నా చెయ్యి నేను గోక్కోవడానికి కూడా భయపడ్డాను.

మాత్రలు రాశాను, వారానికి మూడుసార్లు రమ్మన్నాను. సైనిక్‌పురి నుంచి నా దగ్గరికి ఒక ఫిజియోథెరపిస్టు వస్తుంది, నెమ్మదైన అమ్మాయి. ఆ అమ్మాయిని కూడా ఈ పనిలో తోడు తీసుకున్నాను. నెల గడిచినా పెద్దగా తేడా రాలేదు. ఈలోగా వాళ్ల ఇంటి దగ్గర వేరే కథ నడిచింది. వాళ్లు చర్చికి పోయేవాళ్లు. ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు ప్రేమగానే ఆ చేతికి నూనె రాయబోయారు. వేళ్లు తగలగానే ఆమె ఎవరూ గుర్తుపట్టని గొంతుతో అరిచిందట. ఆ గొంతు విన్నాక కొందరు ఇంటికి రావడం మానేశారు. చేతబడి అని ఒకరు, దురాత్మ అని ఒకరు అనుకున్నారు. పాస్టర్ గారు మాత్రం తనే నా క్లినిక్‌కి వచ్చి, నేను చెప్పిందంతా విని, మేము దూరం నుంచి ప్రార్థన చేస్తాం, మీరు దగ్గర నుంచి చూడండి అని వెళ్లిపోయారు. ఆయన మీద నాకు ఈ రోజుకీ గౌరవం.

ఒక సోమవారం భర్త ఒక్కడే ముందు లోపలికి వచ్చాడు. ముందు రోజు పగలు అతను కిరాణా షాపుకు పోయి వచ్చేసరికి, ఆమె వంటగదిలో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. ఎడమ చేతిని తీసి కత్తికి ఆనించి పెట్టుకుంది.

“కోపం లేదు మేడం, ఏడుపు లేదు. కూరగాయను సూసినట్టు సూస్తున్నది. నేను పిలిస్తే గూడ పలుకలే. నాకు భయమైంది.”

కత్తిపీట, కత్తులు ఇంట్లోంచి తీసేయమన్నాను, ఒంటరిగా వదలొద్దన్నాను, మానసిక వైద్యురాలు ఒకరి దగ్గరికి ఆ రోజే పంపాను. ఆ తర్వాత ఆమె లోపలికి వచ్చి కూర్చుని, దాపరికమేమీ లేకుండా అడిగింది, చెయ్యి తీసేయమని. నేను ఆమెకు కాలు పోయిన పెద్దాయన సంగతి చెప్పాను. తీసేస్తే పోదు, కనపడకుండా ఉంటుందంతే అన్నాను.

“అంటే కోసేసినా గూడ ఆమె పోదా?”

ఆమె అంటే చెయ్యి అనుకున్నాను. ఎవరని అడగలేదు. ఆ రోజు అడగాల్సింది.

మెడలో ఒక నరాల ముడి ఉంటుంది. అక్కడ మందు వేస్తే చేతికి రక్తం పోయే గొట్టాలు సడలుతాయి. ఉప్పల్ నర్సింగ్ హోంలో, స్కానింగ్ తెర మీద చూసుకుంటూ సూది దించాను. రెండు మూడు నిమిషాలకు ఆమె ముఖం ఎడమ సగం ఎర్రబడింది, ఎడమ కనురెప్ప వాలిపోయింది. అది మందు సరిగ్గా పడిందనడానికి గుర్తు. ఎన్నోసార్లు చూసిందే, అయినా ఆ రోజు వంగి మళ్లీ చూశాను. ఒకే ముఖంలో సగం మనిషి నిద్రపోతున్నట్టు, మిగతా సగం నన్ను గమనిస్తున్నట్టు ఉంది. కిటికీ అవతల మెట్రో ఒకటి వచ్చి ఆగి వెళ్లింది. ఆమె చెయ్యి మెల్లగా ఊదారంగు వదిలి గులాబీరంగు తిరిగింది. వెచ్చబడింది. ఆమె మొదటిసారి దాన్ని తనే ఎత్తి, కళ్ల ముందుకు తెచ్చుకుంది. వేళ్లు కదిలించింది.

మందు వల్ల గొంతు బొంగురుపోయి ఉంది. ఆ గొంతుతోనే చిన్నగా అంది, వోయింది అని. నొప్పా అన్నాను. కాదని తల ఊపింది.

“మా అమ్మ.”

అప్పుడు చెప్పింది. ఆ చెయ్యి వాళ్ల అమ్మది. పట్టీ విప్పిన రోజే గుర్తుపట్టిందట. అవే గోళ్లు, అదే మెరుపు, అదే చల్లదనం. అమ్మ మూడేళ్ల కింద గర్భసంచి క్యాన్సర్‌తో సర్కారు దవాఖానాలో పోయింది. రెండు గంటలకు మందు ప్రభావం తగ్గింది. నేను రికవరీ గదిలోకి వెళ్లేసరికి ఆ చెయ్యి మళ్లీ రంగు మారుతోంది. ఆమె దాన్ని పక్కకు జరిపి, దిండు మీద విడిగా పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. వచ్చింది మేడం అంది. ఎవరో బస్సు దిగి వచ్చినంత మామూలుగా.

సూది ఇంకో నాలుగుసార్లు వేశాను. ప్రతిసారీ కొంచెం ఎక్కువ సేపు చెయ్యి వెచ్చగా ఉండేది. అద్దంతో చేయించే వైద్యం ఒకటుంది. మంచి చేతి నీడను అద్దంలో చూస్తే, అది చెడ్డ చెయ్యే బాగున్నట్టు కనపడుతుంది. ఆమె విషయంలో అది ఎదురు తిరిగింది. అద్దంలో ఎడమ చెయ్యిలా కనపడుతున్న కుడి చేతిని ఫిజియోథెరపిస్టు నిమరగానే అరిచింది. అంచేత ఇంకో మెట్టు వెనక్కి పోయాం. చేతుల ఫోటోలు చూపించి, ఇది కుడా, ఎడమా అని అడగడం. అంతే. దానివల్ల తలలోని పటం నెమ్మదిగా మళ్లీ గీసుకుంటుంది.

ఆ ఫోటోలు నేనే తయారు చేశాను. నా చేతులు, ఫిజియోథెరపిస్టు చేతులు, కింద మందుల షాపు ఆయనవి, ఒప్పుకున్న కొందరు పేషంట్లవి ఫోన్‌లో తీశాను. కంప్యూటర్లో ప్రతి ఫోటోను తిప్పి కుడిని ఎడమ చేశాను, ఎడమను కుడి చేశాను. నలభై ఎనిమిది కార్డులు అచ్చు వేయించి లామినేషన్ చేయించాను. తిప్పుతూ తిప్పుతూ ఒక దశలో ఏ చెయ్యి ఎవరిదో, ఏది అసలో నాకే తెలియకుండా పోయింది. ఆ వారంలో ఒక పొద్దున ఉప్పల్ సిగ్నల్ దగ్గర కారు ఆపుకుని ఉండగా, స్టీరింగ్ మీద ఉన్న ఎడమ చెయ్యి ఎవరిదో అనిపించింది. పక్కసీట్లోంచి ఎవరో చాచి పెట్టినట్టు ఉంది. వెనక హారన్లు మోగేదాకా దాన్ని కదిలించడానికి ధైర్యం చాలలేదు.

ఆమె కార్డులు ఒక్కొక్కటే చూసి చెప్పేది. కుడి చేతులకు వెంటనే చెప్పేది, ఎడమ చేతులకు తడబడేది. ఒక కార్డు దగ్గర మాత్రం ఏమీ చెప్పకుండా దాన్ని బోర్లా తిప్పి పక్కన పెట్టింది. తర్వాతిసారి వచ్చినప్పుడు కార్డులు కలిపి ఇచ్చినా అదే కార్డు తీసి బోర్లా పెట్టింది. మూడోసారి ఫిజియోథెరపిస్టు నన్ను పిలిచింది. ఎందుకు తిప్పేస్తున్నావమ్మా అని అడిగాను.

“మా అమ్మది మేడం గిది. మీకెట్ల దొరికింది?”

కార్డు తీసి చూశాను. ఒక ఆడమనిషి ఎడమ చెయ్యి. పనిచేసిన చెయ్యి, చూపుడు వేలు మొదట్లో నెలవంక లాంటి చిన్న కాలిన మచ్చ. వాళ్ల అమ్మకు కూడా సరిగ్గా అక్కడే మచ్చ ఉండేదంది. ఆమె ఇంటికి వెళ్లాక నేనూ ఫిజియోథెరపిస్టూ మా చేతులు ఆ కార్డు పక్కన పెట్టి చూసుకున్నాం. మాది కాదు. మందుల షాపు ఆయనది అసలే కాదు. ఫోటోలు ఇచ్చిన పేషంట్లు వచ్చినప్పుడల్లా ఏదో వంకతో వాళ్ల వేళ్లు చూశాను. ఎవరికీ ఆ మచ్చ లేదు. నేను తీయని ఫోటో నా కార్డుల్లోకి ఎట్లా వచ్చింది? రెండు వారాలు ఆ కార్డు నా బల్ల సొరుగులో ఉంది. ఫిజియోథెరపిస్టు ఆ సొరుగు తెరవడం మానేసింది. నేను దేన్నీ తేలిగ్గా నమ్మే మనిషిని కాను. అయినా మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు, నా మోకాళ్లకు దగ్గరగా ఆ సొరుగు ఉన్న సంగతి నాకు గుర్తుండేది.

ఒకరోజు ఆమె భర్త మందుల చీటీ కోసం వస్తే, ఆగలేక ఆ కార్డు తీసి చూపించాను. మీ అత్తగారి చెయ్యి ఇట్లాగే ఉండేదా అని అడిగాను. అతను కార్డు తీసుకుని కిటికీ వెలుతురులో చూశాడు. అస్సలు తడుముకోలేదు.

“అత్తమ్మది గాదు మేడం. అత్తమ్మకు గసుంటి మచ్చ లేకుండె. ఇది ఈమె చెయ్యే. గా మచ్చ సీలింగ్ మిషన్ కాడ కాలింది.”

అతను పోయాక కంప్యూటర్ తెరిచాను. మొదటి రోజు రికార్డు కోసం ఆమె రెండు చేతులూ ఫోటో తీశాను. ఆ కుడి చేతి ఫోటో తక్కినవాటితో కలిసిపోయింది, నేను చూసుకోకుండా దాన్నీ తిప్పేసి, తిప్పిందొక్కటే అచ్చుకు పంపాను. కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయింది. ఆమె బాగున్నప్పుడు ఆమె ఎడమ చెయ్యి ఎట్లా ఉండేదో దాదాపు అట్లా. దాన్ని ఆమె గుర్తుపట్టలేదు. నేనూ గుర్తుపట్టలేదు. మూడు నెలలుగా వారానికి మూడుసార్లు నా ముందు కూర్చున్న మనిషి కుడి చెయ్యి ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. అది ఎప్పుడూ ఎడమ చేతి కిందే ఉండేది, నా చూపు ఎప్పుడూ నొప్పి మీదే ఉండేది. సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు చల్లారాక కూడా వెన్నులో చలి తగ్గలేదు. ఎందుకంటే వాళ్ల అమ్మకు మచ్చ ఉండేదని ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఆమెకు అట్లాగే జ్ఞాపకం ఉంది.

తర్వాతి బుధవారం వాన కురుస్తోంది. ఆమెను కంప్యూటర్ పక్కన కూర్చోబెట్టి, భర్తను కూడా ఉండమన్నాను. అసలు ఫోటో తెరిచి, కుడి చెయ్యి తెర పక్కన పెట్టమన్నాను. మచ్చకు మచ్చ సరిపోయింది. ఇది నీదేనా అంటే నాదే అంది. అప్పుడు మీట నొక్కాను. తెర మీద చెయ్యి ఒక్కసారిగా అటు తిరిగి ఎడమ చెయ్యి అయింది. ఆమె భుజాలు బిగుసుకున్నాయి. మళ్లీ తిప్పమంది. తిప్పాను. ఏడెనిమిదిసార్లు తిప్పించింది. కుడి, ఎడమ, తను, అమ్మ. కిటికీ రేకు మీద వాన కొడుతూనే ఉంది. ఆఖరికి నా చేతిని ఆపి, తెర వైపే చూస్తూ అడిగింది.

“మరి మా అమ్మ యాడికి వోయింది?”

ఆమె భర్త ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఆమె దవాఖానా సంగతి చెప్పింది. ఇంతవరకు అతనికి కూడా చెప్పలేదట. ఆఖరి రోజు అమ్మ ఆమె ఎడమ మణికట్టు పట్టుకుని పడుకుంది. నొప్పికి సరైన మందు లేక, నొప్పి వచ్చినప్పుడల్లా గట్టిగా పిసికేది. ఆమెకు రెండింటి షిఫ్టు ఉంది. పోకపోతే పని పోతుంది. అమ్మ వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని బయల్దేరింది. ఉప్పల్ బస్టాప్‌లో దిగుతుండగా ఫోన్ వచ్చింది.

ఆమె నొప్పి అక్కడి నుంచే వచ్చిందని నేను చెప్పను. ఎముక చిట్లడం, నరాలు గతి తప్పడం చాలు, అట్లాంటి చేతులు ఏ దుఃఖం లేనివాళ్లకూ వస్తాయి. కానీ వచ్చిన నొప్పికి ఆమె ఒక మనిషిని ఇచ్చింది. ఆ మనిషిని తీసేయడమే వైద్యం అని నేను అంతవరకు అనుకుంటూ వచ్చాను.

ఆ తర్వాత పది రోజులు ఆమె రాలేదు. భర్తకు ఫోన్ చేస్తే, నొప్పి కొంచెం తగ్గిందని, కానీ ఇల్లు ఖాళీ అయిందని ఏడుస్తోందని చెప్పాడు. ఒకసారి తువ్వాలు విప్పి, చేతిని ముఖం దగ్గర పెట్టుకుని అమ్మా అని పిలిచిందట కూడా. వాళ్ల పాస్టర్ గారికి ఈ మాట చెప్పాను. ఆయన, మానసిక వైద్యురాలు, ఇద్దరూ ఎవరి దారిలో వాళ్లు ఆమెతో మాట్లాడారు. అమ్మ పేరు మీద ఇంట్లో ఒక ప్రార్థన పెట్టుకున్నారు. మానేసినవాళ్లలో కొందరు మళ్లీ వచ్చారని విన్నాను.

పదకొండో రోజు ఆమె వచ్చి కూర్చుని, ఎడమ చేతిని పక్క కుర్చీలో కాకుండా తన ఒళ్లో పెట్టుకుంది. అక్కడి నుంచి పని మామూలు పనిలా సాగింది. కార్డులు, తర్వాత కళ్లు మూసుకుని వేళ్లు కదిలినట్టు ఊహించుకోవడం, తర్వాత మళ్లీ అద్దం. గిన్నెలో బియ్యం పోసి వేళ్లు ముంచడం. గోళ్లు కత్తిరించడానికి ఒప్పుకోవడానికే రెండు నెలలు పట్టింది. ఏడాది దాటాక జాకెట్ హుక్కులు తనే పెట్టుకుంటున్నానని చెప్పింది. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని నేను మాట కూడా ఇవ్వలేదు. వాన ముసురు పడితే సలుపుతుంది. ఆ చెయ్యి కొంచెం సన్నగానే ఉండిపోయింది. కంపెనీలో ఆమెకు మిషన్ మీద కాకుండా చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చునే పని ఇచ్చారు.

నా పద్ధతిలో ఒకటి మారింది. ఎవరు వచ్చినా ముందు నొప్పి లేని చెయ్యి, నొప్పి లేని కాలు చూపించమంటాను. కొందరు విసుక్కుంటారు. మీకు బాగున్నప్పుడు మీరెట్లా ఉండేవారో నేను చూడాలి అంటాను. ఇంటి దగ్గర ఎవరెవరుంటారో, ఎవరు లేకుండా పోయారో కూడా అడుగుతాను.

ఈ మధ్య ఆమె వాళ్ల కంపెనీలో పనిచేసే ఇంకో ఆవిడను వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడకు భుజం నొప్పి, రెండేళ్లుగా. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కొత్తావిడ కవర్‌లోంచి ఎక్స్‌రేలు తీస్తూ, ఏం లేదంటున్నరు, నాకే పిచ్చేమో అని మొదలుపెట్టింది. ఆమె మధ్యలో అడ్డుపడి ఆ కవర్ పక్కకు పెట్టింది.

“గవి తర్వాత సూస్తరు. ముందుగాల నీకెట్లున్నదో జెప్పు. గిట్ల అంటే నవ్వుతరని దాచకు.”

కొత్తావిడ నా వైపు అనుమానంగా చూసింది. తలుపు దగ్గరగా వేయమని, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. రాత్రిళ్లు కాదట, పట్టపగలే, మిషన్ ముందు నిలబడి ఉన్నప్పుడు, వెనక నుంచి ఎవరో వచ్చి భుజం మీద గడ్డం ఆనించి నిలబడతారట. నేను కుర్చీ దగ్గరకు జరుపుకుని, ఏ వైపు అని అడిగాను.